శత్రువును గుర్తించు కణములు

ఒకసారి తట్టు వచ్చి తగ్గిన పిల్లవానికి ఆ జబ్బు సాధారణముగా మరల రాదు. కాని తట్టు వచ్చి పోయినది గదా అని ఆటలమ్మ వానిని విడిచిపెట్టదు. ఈ రెండు సంగతులును మన ఇండ్లలో పెద్దలందరికీ తెలిసినవే. తెలిసినవి కనుకనే వాటిలోని వింతను మనము గమనించము. మొదటి సంగతివలన మన శరీరమునకు జ్ఞాపకశక్తి కలదని తెలియుచున్నది. రెండవ సంగతివలన ఒక శత్రువునకును మరొక శత్రువునకును గల భేదమును శరీరము గుర్తించగలదని తెలియుచున్నది. రక్తములో తిరుగు కణములకు కన్నులు లేవు, చెవులు లేవు. మరి అవి దేనితో గుర్తించుచున్నవి?

ఈ ప్రశ్నకు నేడు మనము ఇచ్చు సమాధానము “గ్రాహకములు” అను ఒక్క మాటలో ఉన్నది. కణపు పైపొరలో నాటుకొని, బయటి పదార్థమును పట్టుకొని, ఆ వార్తను లోపలికి చేరవేయు ప్రోటీను అణువునే గ్రాహకము అందురు. ఈ ఒక్క మాటను స్థిరపరచుటకు శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ కథలో ఒక సిద్ధాంతము పుట్టి, పరిహాసము పాలై, మూలబడి, తిరిగి మరొక రూపములో లేచి నిలిచినది.

టీకానుండి రక్తరసివరకు

క్రీ. పూ. 430లో ఏథెన్సు నగరమును పెద్ద అంటువ్యాధి పీడించినపుడు, ఒకసారి జబ్బుపడి బ్రతికినవారు రోగులకు నిర్భయముగా ఉపచారము చేసిరని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ వ్రాసినాడు. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచికపు పొక్కునుండి తీసిన రసిని ఒక బాలునికి ఎక్కించి, ఆ బాలునికి మశూచికము సోకకుండుటను చూపినాడు. 1885లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరచిన బాలునికి టీకాలు వేసి కాపాడినాడు. వీరందరికీ రక్షణ కలుగునని తెలుసును గాని, అది ఎట్లు కలుగునో తెలియదు.

1890లో బెర్లిన్ నగరములో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబసబురో కితసాటో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ రహస్యపు మొదటి పొరను విప్పినారు. ధనుర్వాతపు విషమును కొద్దికొద్దిగా ఎక్కించి తట్టుకొనునట్లు చేసిన జంతువుయొక్క రక్తరసిని మరొక జంతువునకు ఎక్కించినచో, రెండవ జంతువునకు కూడ రక్షణ కలిగినది. అనగా రక్షించు పదార్థము రక్తరసిలోనే కరిగి ఉన్నదన్నమాట. దానినే నేడు ప్రతిరక్షకము అనుచున్నాము. కంఠసర్పి అను డిఫ్తీరియా జబ్బుతో ఆ కాలమున ఐరోపాలో అసంఖ్యాకముగా పసిపిల్లలు గొంతు మూసుకొనిపోయి మరణించుచుండిరి. వారికి ఈ రక్తరసి ప్రాణదాన మైనది. వైద్యశాస్త్రమునకు 1901లో ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమానము బేరింగుకు లభించుటలో ఆశ్చర్యము లేదు.

ఆముదపు గింజ, గురివింద గింజ

బేరింగుతోపాటు బెర్లినులో పనిచేసినవారిలో పాల్ ఏర్లిక్ ఒకడు. 1854లో జర్మనీ దేశమున జన్మించిన ఏర్లిక్‌కు విద్యార్థిదశనుండియు రంగులన్న మక్కువ. ఒక రంగు నరములకు మాత్రమే పట్టును. మరొక రంగు కొన్ని రక్తకణములకే అంటును. ఎందుచేత? రంగుయొక్క అణువునకును, కణములోని ఏదో ఒక భాగమునకును పొందిక ఉండవలెనని ఆయన తలచినాడు. ఏ పదార్థమైనను కణమునకు అతుకుకొననిదే దానిపై పనిచేయజాలదన్నది ఆయన జీవితాంతము విడువని నమ్మకము.

1891లో ఏర్లిక్ చేసిన ప్రయోగమునకు వాడిన వస్తువులు మన పల్లెలలో పిల్లలకు కూడ తెలిసినవి. ఆముదపు గింజలలో రిసిన్ అను విషము కలదు. కంసాలులు బంగారము తూచుటకు వాడిన గురివింద గింజలలో ఆబ్రిన్ అను విషము కలదు. ఏర్లిక్ చుంచెలుకలకు రిసిన్ విషమును అతి స్వల్పమైన మోతాదుతో ప్రారంభించి, క్రమముగా పెంచుచు ఇచ్చినాడు. కొన్ని వారములలో ఆ ఎలుకలు మామూలు ఎలుకను చంపు మోతాదుకు ఎన్నో రెట్లను తట్టుకొనగలిగినవి. కాని వాటికే గురివింద విషమును ఇచ్చినచో చనిపోయినవి. గురివింద విషమునకు అలవాటుపడిన ఎలుకలకు ఆముదపు విషమునుండి రక్షణ కలుగలేదు. తట్టుకును ఆటలమ్మకును గల భేదమే ఇక్కడ గింజల రూపములో కనిపించినది. రెండును మొక్కలలోని ప్రోటీనులే, రెండును విషములే. అయినను శరీరము వాటిని వేరువేరుగా గుర్తించినది.

పక్కగొలుసుల సిద్ధాంతము

డిఫ్తీరియా రక్తరసి వాడుకలోనికి వచ్చిన తరువాత ఒక పెద్ద చిక్కు ఏర్పడినది. ఒక సీసాలోని రసి బలముగా పనిచేయును. మరొక సీసాలోనిది నీళ్లవలె ఉండును. ఏ బిడ్డకు ఎంత ఇవ్వవలెనో వైద్యునికి తెలియదు. బలహీనమైన రసి బిడ్డ ప్రాణమునకే ముప్పు. దానిని కొలుచుటకు ఒక ప్రమాణమును ఏర్పరచు పని ఏర్లిక్‌పై పడినది. విషమును రసిని వేరువేరు పాళ్లలో కలిపి, గినీ పందులపై పరీక్షించి, 1897లో ఆయన ఆ ప్రమాణమును నిర్ణయించినాడు. ఆ లెక్కలలో ఆయనకు ఒక విషయము స్పష్టమైనది: విషమును ప్రతిరక్షకమును కలియుట రసాయన సంయోగమువంటిది, ఇంతకు ఇంత అను లెక్క దానికి కలదు. తాళమునకు తాళపుచెవివలె ఒకదానికొకటి ఇమిడిపోవును.

ఈ లెక్కలతోపాటే ఏర్లిక్ తన సిద్ధాంతమును ప్రకటించినాడు. కణము పైభాగమున అనేక “పక్కగొలుసులు” ఉండును. ఆహారపదార్థములను పట్టుకొనుట వాటి మామూలు పని. విషపు అణువు దైవికముగా వాటిలో ఒకదానికి సరిపోయి అతుకుకొనును. అప్పుడు ఆ గొలుసు పనికిరాకుండ పోవును. కణము నష్టమును పూడ్చుకొనుటకు అదే రకపు గొలుసులను మరల తయారుచేయును. అవసరమునకు మించి తయారుచేయును. మిగిలినవి ఊడి రక్తములో పడును. ఆ ఊడిపడిన గొలుసులే ప్రతిరక్షకములు! 1900లో ఆయన లండనులోని రాయల్ సొసైటీలో ఉపన్యసించుచు ఈ భావమును బొమ్మలు గీసి చూపినాడు. ఆ ఏడాదినుండి “గొలుసు” అను మాటకు బదులు “గ్రాహకము” అను మాట కూడ వాడుకలోనికి వచ్చినది.

బెల్జియము దేశస్థుడగు జూల్స్ బోర్డే మొదలైనవారు ఈ సిద్ధాంతమును అంగీకరింపలేదు. కంటికి కనబడని గొలుసులకు బొమ్మలు గీయుట శాస్త్రము కాదు, ఊహ అని విమర్శకులు అన్నారు. అయినను ఏర్లిక్ మరొక లోతైన ప్రశ్నను కూడ లేవనెత్తినాడు. ఒక మేకకు మరొక మేక రక్తమును ఎక్కించినచో, ఆ పరాయి రక్తకణములపై ప్రతిరక్షకములు పుట్టినవి. తన రక్తకణములపై మాత్రము పుట్టలేదు. శరీరము తనపై తానే విషము కక్కుకొనకుండ ఏదో ఏర్పాటు ఉండితీరవలెనని ఆయన 1901లో వ్రాసినాడు. ఈ “తాను–పరాయి” ప్రశ్న తరువాతి శతాబ్దమంతయు శాస్త్రజ్ఞులను వెంటాడినది. 1908లో ఏర్లిక్‌కును, సూక్ష్మజీవులను మ్రింగు కణములను కనుగొన్న ఇల్యా మెచ్నికాఫ్‌కును కలిపి నోబెల్ బహుమానము ఇచ్చినారు.

దర్జీయా, బట్టల దుకాణమా?

ఏర్లిక్ సిద్ధాంతమునకు పెద్ద దెబ్బ కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రయోగములనుండి తగిలినది. రక్తపు వర్గములను కనుగొన్నది ఈయనే. ఆయన ప్రయోగశాలలో తయారైన చిన్నచిన్న రసాయనములను ప్రోటీనులకు అతికించి జంతువులకు ఎక్కించినాడు. ప్రకృతిలో ఎన్నడును లేని ఆ పదార్థములకు కూడ జంతువులు ప్రతిరక్షకములను తయారుచేసినవి. అంతేకాదు, రెండు అణువులలో పరమాణువులన్నియు ఒకటే అయి, ఒక గుంపు అమరిన స్థానము మాత్రము వేరైనను, ప్రతిరక్షకము ఆ స్వల్పభేదమును గుర్తించినది.

ఇక్కడ సహజముగా ఒక సందేహము కలుగును. నిన్నటిదినమున ఒక రసాయనజ్ఞుడు సృష్టించిన పదార్థమునకు సరిపోవు గొలుసు కుందేలు శరీరములో ముందే ఎందుకు ఉండును? ఉండదు గనుక, పదార్థము వచ్చిన తరువాతనే దానిని అచ్చుగా పెట్టుకొని కణము ప్రతిరక్షకమును మలచవలెనని చాలమంది తలచినారు. 1930లో బ్రైనల్, హౌరోవిట్జ్ అనువారును, 1940లో సుప్రసిద్ధ రసాయనజ్ఞుడు లైనస్ పాలింగును ఈ “అచ్చు సిద్ధాంతము”ను బలపరచినారు.

రెండు సిద్ధాంతములకు గల భేదమును ఒక ఉపమానముతో చెప్పవచ్చును. దర్జీ మన కొలతలు తీసుకొని, ఆపైన చొక్కా కుట్టును. ఇది అచ్చు సిద్ధాంతము. బట్టల దుకాణములో అన్ని కొలతల చొక్కాలు ముందే కుట్టి ఉంచుదురు. మనకు సరిపోవుదానిని ఏరుకొందుము. ఇది ఏర్లిక్ దారి. దర్జీ పద్ధతియే తెలివైనదిగా కనిపించును. కాని దర్జీ సిద్ధాంతమునకు జవాబు చెప్పలేని ప్రశ్నలు మిగిలినవి. శత్రువు శరీరమును విడిచిపోయిన ఎన్నో ఏండ్లకు కూడ జ్ఞాపకము ఎట్లు నిలుచును? రెండవసారి ప్రతిరక్షకములు అంత త్వరగా, అంత ఎక్కువగా ఎట్లు పుట్టును? అన్నిటికన్న ముఖ్యముగా, తన ప్రోటీనులను అచ్చుగా పెట్టుకొనకుండ శరీరమును ఎవరు ఆపిరి?

1955లో డెన్మార్కు దేశస్థుడు నీల్స్ యెర్నె దుకాణపు పక్షమును తిరిగి లేవనెత్తినాడు. 1957లో అమెరికాలో డేవిడ్ టాల్మేజ్, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరములో మక్‌ఫార్లేన్ బర్నెట్ ఆ భావమును సరియైన రూపమునకు తెచ్చినారు. ఏర్లిక్ బొమ్మలో ఒకే కణముపై పలురకముల గొలుసులు ఉన్నవి. బర్నెట్ దీనిని మార్చినాడు. లింఫ్ కణములు కోటానుకోట్లు. ఒక్కొక్క కణముపై ఒక్క రకపు గ్రాహకమే ఉండును. ఏ కణపు గ్రాహకమునకు శత్రువు సరిపోవునో, ఆ కణము మాత్రమే మేల్కొని, రెండై, నాలుగై, వేలై పెరుగును. ఆ సంతతియే ప్రతిరక్షకములను తయారుచేయును. వాటిలో కొన్ని శత్రువు పోయిన తరువాత కూడ మిగిలియుండుటయే జ్ఞాపకశక్తి. తన శరీరమునకే సరిపోవు గ్రాహకములు గల కణములు పెరుగుదలకు ముందే నశించును. ఒక్క సూత్రముతో మూడు ప్రశ్నలకు జవాబు దొరికినది.

మరుసటి ఏడే గస్టావ్ నోసల్, జాషువా లెడర్‌బర్గ్ ఈ సిద్ధాంతమును పరీక్షించినారు. రెండు రకముల సూక్ష్మజీవులను ఎక్కించిన ఎలుకలనుండి కణములను తీసి, ఒక్కొక్కదానిని చిన్న ద్రవబిందువులో ఉంచి చూచినారు. ఒక కణము ఒక రకపు ప్రతిరక్షకమునే తయారుచేసినది, రెండును చేయలేదు. 1964లో ఎడ్గార్ హేబర్ ప్రతిరక్షకపు మడతలను పూర్తిగా విప్పి, శత్రుపదార్థము దగ్గర లేకుండగనే తిరిగి ముడుచుకొననిచ్చినాడు. దాని గుర్తించు శక్తి తిరిగి వచ్చినది. ఆకారమునకు అచ్చు అక్కరలేదు. అమైనో ఆమ్లముల వరుసయే చాలును. దర్జీ సిద్ధాంతము దానితో ముగిసినది.

బొప్పాయి పాలు చేసిన మేలు

సిద్ధాంతము సరే, గ్రాహకము ఎట్లుండును? ప్రతిరక్షకము పెద్ద అణువు. దాని అణుభారము సుమారు 1,50,000. దానిని అట్లే పరిశీలించుట ఆనాడు అసాధ్యము. 1959లో లండనులో రోడ్నీ పోర్టర్ దానిని ముక్కలు చేయుటకు పపేయిన్ అను ఎంజైమును వాడినాడు. పచ్చి బొప్పాయి పాలలో ఉండు పదార్థమే ఇది. మాంసము త్వరగా మెత్తబడుటకు మన వంటవారు పచ్చి బొప్పాయి ముక్క వేయుదురు గదా! అక్కడ జరుగుచున్నదియు ప్రోటీనులు తెగుటయే. కుందేలు ప్రతిరక్షకము పపేయినుతో సరిగ్గా మూడు ముక్కలైనది. రెండు ముక్కలు శత్రుపదార్థమును పట్టుకొనగలవు. మూడవదానికి ఆ శక్తి లేదు. కాని అది స్ఫటికముగా ఏర్పడినది. ఎన్నో రకముల ప్రతిరక్షకముల మిశ్రమమునుండి వచ్చిన ముక్క స్ఫటికమైనదనగా, ఆ భాగము అన్నిటిలోను దాదాపు ఒకటే అని అర్థము.

అదే కాలమున అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ ప్రతిరక్షకములోని గంధకపు బంధములను తెంచి, అది ఒకే గొలుసు కాదనియు, పలు గొలుసులు కలిసి ఏర్పడినదనియు చూపినాడు. ఇద్దరి పనిని కలిపి చూడగా బొమ్మ పూర్తి అయినది. రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు. నాలుగును కలిసి పంగలకర్రవలె రెండు చేతులు గల ఆకారము. ఒక్కొక్క చేతి చివర శత్రువును పట్టు చోటు. కాడ మాత్రము ఒక తరగతి ప్రతిరక్షకములన్నిటిలోను ఒకటే. 1969లో ఎడెల్మన్ బృందము 1300కు పైగా గల అమైనో ఆమ్లముల పూర్తి వరుసను ప్రకటించినది. 1970లో వూ, కబాట్ అనువారు చేతుల చివరలలో కూడ మార్పులు ఎక్కువగా మూడేసి చిన్న చోట్లలోనే ఉన్నవని లెక్కకట్టినారు. శత్రువును తాకు వ్రేళ్లు అవియే. పోర్టరుకును ఎడెల్మనుకును 1972లో నోబెల్ బహుమానము లభించినది.

కణముపై ఉండు గ్రాహకమును, రక్తములోని ప్రతిరక్షకమును ఒకటేనా? 1980లో దీనికి చక్కని జవాబు దొరికినది. రెండును ఒకే జన్యువునుండి పుట్టును. చివరి తునక మాత్రము వేరు. ఒక తునక చేరినచో అణువు కణపుపొరలో నాటుకొనును. మరొకటి చేరినచో బయటికి పోవును. ఊడిపడిన గొలుసే ప్రతిరక్షకమని ఏర్లిక్ చెప్పినది వివరములో తప్పైనను, సారములో ఒప్పే అయినది.

పేకముక్కల లెక్క

ఇక మిగిలినది అన్నిటికన్న కఠినమైన ప్రశ్న. మానవుని జన్యువులు సుమారు 20,000. కోట్లరకముల గ్రాహకములకు కోట్ల జన్యువులు ఎక్కడనుండి వచ్చును? 1965లో డ్రెయర్, బెన్నెట్ అనువారు ఒక సాహసమైన ఊహ చేసినారు: ఒక గొలుసును రెండు జన్యుభాగములు కలిసి నిర్మించునేమో! జన్యువులు జీవితమంతయు మారవను నమ్మకమునకు ఇది విరుద్ధము. కాని 1976లో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున జపాను శాస్త్రజ్ఞుడు సుసుము తొనెగావ, హొజుమితో కలిసి దీనిని నిరూపించినాడు. ఎలుక పిండములో దూరదూరముగా ఉన్న జన్యుభాగములు, ప్రతిరక్షకములను తయారుచేయు కణములో ఒకదాని చెంతకు ఒకటి చేరి ఉన్నవి. మధ్యభాగము తెగిపోయినది. 1987లో తొనెగావకు నోబెల్ బహుమానము లభించినది.

ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపవచ్చును. మానవునిలో బరువైన గొలుసునకు మొదటి రకపు ముక్కలు సుమారు 40, రెండవ రకము 23, మూడవ రకము 6. ఒక్కొక్కదానినుండి ఒకటి తీసుకొనినచో 40 × 23 × 6 = 5,520 గొలుసులు. తేలిక గొలుసులు రెండు రకములు: ఒకదానిలో 40 × 5 = 200; మరొకదానిలో 30 × 4 = 120; మొత్తము 320. బరువు గొలుసు, తేలిక గొలుసు జతపడగా 5,520 × 320 = 17,66,400. ఒకటిన్నర వందల ముక్కలనుండి పదిహేడు లక్షలకు పైగా గ్రాహకములు! అంతటితో ఆగలేదు. ముక్కలు అతుకు చోట కొన్ని అక్షరములు పోవును, కొన్ని కొత్తవి చేరును. దీనితో సంఖ్య కోట్లను దాటిపోవును. దుకాణములో అన్ని కొలతల చొక్కాలు ఎట్లుండునన్న లాండ్‌స్టైనర్ నాటి సందేహమునకు ఇదే జవాబు. శత్రువు ఎవరో తెలియకపోయినను, ఎవరు వచ్చినను ఒకటైనా సరిపోవునన్ని రకములను శరీరము ముందే తయారుచేసి ఉంచినది.

ఈ ముక్కలను కోయు ఎంజైములు పుట్టుకతో లోపించిన శిశువులకు లింఫ్ కణములు ఏర్పడవు. మామూలు జలుబు సూక్ష్మజీవి కూడ వారికి ప్రాణాంతకము కావచ్చును. పేక కలుపుటలో మన ప్రాణము ఎంత ఆధారపడి ఉన్నదో దీనివలన తెలియును.

రెండవ జాతి కణములు

1961లో జాక్ మిల్లర్ లండనులో అప్పుడే పుట్టిన చుంచెలుకలలో ఛాతీలోని బాల్యగ్రంథిని తొలగించి చూచినాడు. అవి రోగములకు లొంగినవి. పరాయి చర్మమును అతికించినను తిరస్కరింపలేకపోయినవి. అంతవరకు నిరుపయోగమని తలచిన గ్రంథి ఒక జాతి లింఫ్ కణములకు పాఠశాల అని తేలినది. వీటిని టి-కణములు అనుచున్నాము. ప్రతిరక్షకములను తయారుచేయునవి బి-కణములు; మనలో ఇవి ఎముక మూలుగులో పెరుగును.

టి-కణము ప్రతిరక్షకములను విడువదు. మరి దేనితో గుర్తించును? 1974లో ఆస్ట్రేలియాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ ఒక వింతను ప్రకటించినారు. వైరస్ సోకిన ఎలుకనుండి తీసిన టి-కణములు, అదే వంశపు ఎలుకల వైరస్ సోకిన కణములను చంపినవి. అదే వైరస్ సోకిన వేరు వంశపు కణములను చంపలేదు. అనగా టి-కణము ఒకేసారి రెండింటిని చూచును: వైరసును, తనవారి గుర్తును.

గ్రాహకముకొరకు వేట పదేండ్లు సాగినది. 1984లో అమెరికాలో మార్క్ డేవిస్ బృందము, కెనడాలో తక్ మాక్ బృందము దాని జన్యువును పట్టినవి. బి-కణములలో పనిచేయక టి-కణములలో మాత్రమే పనిచేయు జన్యువులు స్వల్పము. డేవిస్ బృందము వాటిని ఏరి, వాటిలో ముక్కలు అతుకుపడినదేదో వెదకినది. దొరికిన గ్రాహకము ప్రతిరక్షకపు ఒక చేతిని పోలినది: రెండు గొలుసులు, మారు చివర, మారని మొదలు.

1987లో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రోమింజర్ మొదలైనవారు ఎక్స్-కిరణములతో “తనవారి గుర్తు” ఆకారమును చూపినారు. దాని నెత్తిన దొన్నెవంటి పల్లము ఉన్నది. కణములోపలి ప్రోటీనుల తునకలు అందులో అమరును. సాధారణముగా ఎనిమిదినుండి పది అమైనో ఆమ్లముల తునక. టి-కణపు గ్రాహకము దొన్నెను, అందులోని పదార్థమును కలిపి తడవి చూచును. 1996లో మూడును కలిసియున్న చిత్రము కూడ లభించినది. డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు నోబెల్ బహుమానము వచ్చినదియు ఆ సంవత్సరమే. కణములోపల దాగిన వైరసును ప్రతిరక్షకము చూడలేదు. దొన్నె దానిని బయటపెట్టును. ఇల్లు సోదా చేయకుండనే ఇంటిలోని వస్తువులను గుమ్మములో చూపినట్లున్నది ఈ ఏర్పాటు.

తలుపు తట్టిన తరువాత

గ్రాహకము శత్రువును పట్టిన మాత్రమున కార్యము తీరదు. లోపల ఉన్నవారికి వార్త తెలియవలెను. టి-కణపు గ్రాహకముయొక్క రెండు గొలుసులు కణములోనికి చొచ్చుకొనిపోయిన భాగము చాల పొట్టి. వార్తాహరుల పని చేయుటకు మరి ఆరు గొలుసులు దానితో కలిసి ఉండును. మొత్తము ఎనిమిది. ఆ ఆరింటి లోపలి కొసలపై పది చోట్ల ప్రత్యేకమైన గుర్తులు కలవు. ఈ గుర్తులను 1989లో మైకేల్ రెత్ గమనించినాడు. బయట పట్టు దొరకగానే లోపలి ఎంజైములు ఈ గుర్తులకు ఫాస్ఫేటును చేర్చును; ఆపైన మరికొన్ని ఎంజైములు మేల్కొనును; కాల్షియము పెరుగును; జన్యువులు పనిచేయ మొదలిడును; కణము విభజన చెందును. 2019లో చైనాలోని హర్బిన్ నగరపు శాస్త్రజ్ఞులు, అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఎనిమిది గొలుసుల పూర్తి నిర్మాణమును చూపినారు.

అన్ని గ్రాహకములును పేకముక్కలవలె కలిసి పుట్టవు. సూక్ష్మజీవుల కవచములవంటి సామాన్య గుర్తులను పట్టు గ్రాహకములు పుట్టుకతోనే ఉండవలెనని 1989లో చార్లెస్ జేన్‌వే ఊహించినాడు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందము పండ్ల ఈగలో “టోల్” అను గ్రాహకము బూజునుండి రక్షించునని చూపినది. 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందము ఎలుకలో దాని బంధువును కనుగొన్నది. మానవునిలో ఇట్టివి పది కలవు. కాపలావాడు మొదట ఈల వేయును. ఆపైన లింఫ్ కణముల సేన కదలును.

గ్రాహకము ద్వారమే కనుక, శత్రువు కూడ దానిని వాడుకొనవచ్చును. ఎయిడ్స్ వ్యాధిని కలిగించు వైరస్ టి-కణముపై గల సిడి-4 అను గ్రాహకమును పట్టుకొనియే లోపలికి పోవునని 1984లో తెలిసినది. రక్షకుని తలుపే దొంగకు దారి అయినది.

గ్రాహకమే ఔషధము

1989లో ఇజ్రాయెల్ దేశమున జెలిగ్ ఎష్హార్ బృందము ప్రతిరక్షకపు తలను, టి-కణ గ్రాహకపు తోకను కలిపి కొత్త గ్రాహకమును నిర్మించినది. దొన్నె చూపకపోయినను శత్రువును పట్టగల టి-కణము ఇట్లు పుట్టినది. రోగి రక్తమునుండి టి-కణములను తీసి, ఈ కొత్త గ్రాహకపు జన్యువును వాటిలో చేర్చి, తిరిగి రోగికి ఎక్కించెదరు. బి-కణముల రక్తక్యాన్సరుతో బాధపడుచు, ఇతర చికిత్సలకు లొంగని పిల్లలకు అమెరికా 2017లో దీనిని అనుమతించినది. మన దేశములో ఐ.ఐ.టి. బొంబాయి, టాటా మెమోరియల్ సెంటర్ల కృషితో తయారైన ఇట్టి చికిత్సకు 2023లో అనుమతి లభించినది. నూట ఇరువది ఏండ్లక్రితము కాగితముపై గీసిన గొలుసు నేడు ఆసుపత్రిలో రోగి నరములోనికి ఎక్కుచున్నది.

ఈ చికిత్సకు ప్రమాదములు లేకపోలేదు. మేల్కొన్న కణములు మితిమీరి విజృంభించినచో తీవ్రమైన జ్వరము వచ్చి, రక్తపోటు పడిపోవచ్చును. అందుకే ప్రకృతి టి-కణములకు పగ్గముల వంటి గ్రాహకములను కూడ ఇచ్చినది. ఆ పగ్గములను సడలించి క్యాన్సరుపైకి కణములను ఉసికొల్పు మార్గమును కనుగొన్న జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము వచ్చినది. తన శరీరముపై తానే తిరుగబడకుండ కాపాడు నియంత్రక టి-కణముల విషయమై పరిశోధించిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు 2025లో ఆ బహుమానము లభించినది. మేక రక్తముతో ఏర్లిక్ 1901లో వేసిన ప్రశ్నకు జవాబు ఇంకను పూర్తి అగుచునే ఉన్నదన్నమాట. కీళ్లవాతము, బాల్యములో వచ్చు మధుమేహము మొదలైనవానిలో ఆ కాపుదల తప్పుచున్నది. అవి ఎందుకు తప్పునో పూర్తిగా తెలిసిననాడు చికిత్సలు కూడ మారిపోవును.

విద్యార్థులు ఈ చరిత్రనుండి ఒక సంగతి గ్రహించవచ్చును. ఏర్లిక్ గొలుసులు ఆహారముకొరకు ఉన్నవనుట తప్పు. ఒకే కణముపై అన్ని రకములు ఉండుననుటయు తప్పు. పాలింగ్ అంతటివాని సిద్ధాంతమును ప్రయోగము త్రోసివేసినది. అయినను “దేనికి ఏది అతుకుకొనుచున్నది?” అని ఏర్లిక్ అడిగిన ప్రశ్న సరియైనది. సరియైన ప్రశ్న, తప్పు జవాబులను దాటి బ్రతుకును. గురివింద గింజ తన క్రింది నలుపు ఎరుగదని మన సామెత. ఆ గింజ విషము ఇచ్చిన సూచననుండి శాస్త్రజ్ఞులు మన రక్తకణములు తమను తాము ఎట్లు ఎరుగునో కొంతవరకు తెలిసికొన్నారు. మిగిలినది తెలిసికొనవలసినవారు నేడు తరగతి గదులలో కూర్చుండియున్నారు.